కోనసీమలో ప్రజారక్షణ – కొన్ని చేదు పాఠాలు



మన ఉప్పలగుప్తం మండలానికి ఒక పక్క బంగాళాఖాతం, మిగతా పక్కల కాలువలు, గోదావరి పాయలు. మనకు అన్నం పెట్టే ఈ నీళ్లే ఆపద వేళ దారికి అడ్డం.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసింది. రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయారు. వేటకెళ్లిన మత్స్యకారులెందరో తిరిగిరాలేదు. కొబ్బరిచెట్లు రోడ్లకడ్డంగా పడి, కరెంటు, టెలిఫోను పోయి, సాయం చేరడమే కష్టమైంది.

అంతకు ముందు, 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుని 65 రోజులు మండింది. చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు, ప్రాణాలు దక్కాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ గొట్టం పేలినప్పుడు ఆ వ్యవధి దొరకలేదు. 20 మందికి పైగా బలయ్యారు. కాలిన ఒళ్లతో ఉన్నవారిని అమలాపురం, కాకినాడ ఆస్పత్రులకు చేర్చవలసి వచ్చింది.

రాష్ట్రంలో 2005లో 108, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాయి. మంచాలమీదా పడవలమీదా రోగుల్ని మోసిన మనవాళ్లకు వాటి విలువ తెలుసు. అయినా బండి వచ్చేదాకా గడిచే ఆ కాసేపు ఇరుగుపొరుగుదే బాధ్యత. తుపాను ఎవరి మతమూ అడగదు గదా!

అందుచేత మన కుర్రవాళ్లు ప్రథమ చికిత్స నేర్వాలి. రక్తదాతల జాబితా సొసైటీలో సిద్ధంగా ఉండాలి. గ్యాసు వాసన వస్తే నిప్పు వెలిగించకూడదని ప్రతి ఇంట్లో చెప్పుకోవాలి. ఖిద్మతె ఖల్క్ అంటే ఇదే.

అల్లాహ్ అందరినీ కాపాడుగాక. ఆమీన్.