కుండనీరు చెప్పే పాఠం: విజ్ఞాన వీడియోను ఇంట రూపొందించే విధానం

ఒక శాస్త్ర భావనను కొద్ది నిమిషాలలో కంటికి చూపి, మాటలతో వివరించేదే బోధనా వీడియో. బడిలో కన్నడం, తమిళం, ఒడియా లేదా మరాఠీలో చదువుతూ ఇంట తెలుగు మాట్లాడే పిల్లలకు దీని అవసరం మరింత ఎక్కువ. పాఠంలోని పదాన్ని విద్యార్థి కంఠస్థం చేస్తాడు. అందులోని సంగతి ఇంటిలోని అవ్వకు అనుభవంలో తెలిసినదే. అయితే ఇద్దరూ చెబుతున్నది ఒకే విషయమని ఇద్దరికీ తెలియదు. ఈ ఎడమును పూడ్చడానికి సాధారణ ఫోనుతో తీసిన వీడియో చాలు.

పూర్వరంగం

దృశ్యమాధ్యమం ద్వారా పల్లె పిల్లలకు విజ్ఞానం బోధించే ప్రయత్నం కొత్తది కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ‘సైట్’ అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం జరిగింది. అమెరికాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు చేరాయి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా వాటిలో ఉన్నాయి. తెలుగు, కన్నడ, ఒడియా, హిందీ భాషలలో బడిపిల్లలకు ప్రత్యేక ప్రసారాలు ఉండేవి. తరువాతి కాలంలో అరవింద్ గుప్తా పుణెలోని ఐయూకా బాలల విజ్ఞాన కేంద్రంలో, పారవేసే వస్తువులతో చేసే ప్రయోగాలను చిన్న చిత్రాలుగా తీసి పలు భాషలలో అందించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఖరీదైన పరికరాలు లేకున్నా విజ్ఞానం చూపవచ్చునని ఆ చిత్రాలు నిరూపించాయి.

భావన ఎంపిక

ఒక వీడియోకు ఒకే ప్రశ్న ఉండాలి. ‘నీరు’ అనేది విషయం మాత్రమే. ‘మట్టికుండలో నీరు ఎందుకు చల్లబడుతుంది?’ అన్నది ప్రశ్న. దీనికి సమాధానం బాష్పీభవనం. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు వెలుపలికి ఊరి, గాలి తగిలి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని కుండ నుండి, లోపలి నీటి నుండి గ్రహిస్తుంది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కెలొరీల వేడి కావాలి. అంటే ఒక లీటరు నీటిలో 10 గ్రాములు, దాదాపు రెండు చిన్న చెంచాలు, ఆవిరైతే మిగిలిన నీరు సుమారు 6 డిగ్రీలు చల్లబడాలి. బయటి నుండి కొంత వేడి లోనికి చేరుతూనే ఉంటుంది కనుక వాస్తవంలో తగ్గుదల ఇంతకంటే తక్కువగా ఉంటుంది.

అపోహతో ఆరంభం

‘మట్టికి చలువ గుణం ఉంది’, ‘నీరు మరిగితేనే ఆవిరవుతుంది’ అన్నవి చాలామందిలో ఉన్న అభిప్రాయాలు. వీటిని దాటవేసి సరైన సమాధానం చెప్పినంత మాత్రాన అవి తొలగవు. అపోహను ముందు ప్రస్తావించి, తరువాత సరిదిద్దిన వీడియోల వల్ల విద్యార్థులు ఎక్కువగా నేర్చుకున్నారని సిడ్నీ విశ్వవిద్యాలయంలో డెరెక్ ముల్లర్ 2008 నాటి పరిశోధనలో తేలింది. కనుక మొదట ప్రశ్న వేసి, చూసేవారు తమ ఊహ చెప్పుకోవడానికి కొన్ని క్షణాలు ఆగాలి.

ప్రయోగం, చిత్రీకరణ

మూడు పాత్రలు కావాలి: ముందురోజే నానబెట్టిన మట్టికుండ, వెలుపల అంతటా రంగు పూసి ఆరనిచ్చిన మరొక కుండ, ఒక స్టీలు బిందె. మూడింటిలో ఒకే కొలత నీరు పోసి, మూతపెట్టి, గాలి వీచే నీడలో ఉంచాలి. అరగంటకొకసారి నీటి ఉష్ణోగ్రతను దగ్గరగా చిత్రించాలి. జ్వరం చూసే థర్మామీటరు ఇందుకు పనికిరాదు. బడి ప్రయోగశాలలోనిది అడిగి తెచ్చుకోవాలి. మట్టి గుణమే కారణమైతే రంగు పూసిన కుండలోని నీరు కూడా అంతే చల్లబడాలి. అలా జరగదని చూపడమే ఈ ప్రయోగానికి ప్రాణం.

ఫోనును చేతితో పట్టుకొనక, ఇటుకల మీద అడ్డంగా నిలపాలి. వెలుతురు ఫోను వెనుక నుండి వస్తువు మీద పడాలి. ఫ్యాను ఆపి, మాటలు దగ్గర నుండి రికార్డు చేయాలి. నేపథ్య సంగీతం అక్కరలేదు.

మాటల విషయం

వివరణ ఇంటి తెలుగులో సాగాలి. బడి పదాన్ని ఒకచోట స్పష్టంగా పలికి, బడి లిపిలో తెరపై చూపాలి. తమిళంలో ఇది ఆవియాదల్, మరాఠీలో బాష్పీభవన్. ‘ఆవి’ అనే మాట కన్నడానికీ తమిళానికీ ఉన్నదే. తెలుగు ‘ఆవిరి’ దానికి చుట్టమే. ఈ చుట్టరికం తెలిసిన విద్యార్థికి బడి పదం పరాయిదిగా తోచదు. చెప్పే వాక్యాలన్నీ తెరపై రాయడం మంచిది కాదు. బొమ్మను చూడవలసిన కన్ను అక్షరాల వెంట పోతుంది.

నిడివి, పరీక్ష

ఎడ్ఎక్స్ పాఠాలపై 2014లో వెలువడిన అధ్యయనంలో, ఆరు నిమిషాలు మించని వీడియోలనే విద్యార్థులు ఎక్కువ శ్రద్ధగా చూసినట్లు తేలింది. ఇటువంటి ప్రయోగానికి నాలుగు నిమిషాలు సరిపోతాయి.

ముగింపులో కొత్త ప్రశ్న ఒకటి ఉండాలి. బళ్ళారి వైపు పొడి ఎండలలో కుండనీరు బాగా చల్లబడుతుంది. యానాంలో గాలి తేమగా ఉన్న రోజున అంతగా చల్లబడదు. కారణమేమిటి? వీడియోను ముందుగా ఇంటిలోని ఒక పెద్దకూ, ఒక చిన్నకూ చూపి ఈ ప్రశ్న అడగాలి. ‘గాలిలో అప్పటికే తేమ ఉంటే నీరు త్వరగా ఆవిరి కాదు’ అని వారే చెప్పగలిగితే వీడియో తన పని చేసినట్లు. చెప్పలేకపోతే మార్చవలసినది వీడియోనే.