చీరాల - పేరాల: పన్ను కట్టలేక ఊరు విడిచిన జనం

జాతీయోద్యమంలో పన్నుల నిరాకరణ పోరాటాలు అనేకం జరిగినా, ఊరికి ఊరే ఖాళీ చేసి నిరసన తెలిపిన ఘట్టాలు అరుదు. అటువంటి అరుదైన ఘట్టానికి 1921లో చీరాల - పేరాల వేదికయింది. నేడు బాపట్ల జిల్లాలో ఉన్న ఈ జంట గ్రామాలు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని గుంటూరు జిల్లాకు చెందినవి.

వివాదానికి మూలం పురపాలక సంఘం. 1919లో ప్రభుత్వం రెండు గ్రామాలను కలిపి మున్సిపాలిటీగా ప్రకటించింది. అంతకుముందు యూనియన్‌గా ఉన్నప్పుడు ఏటా సుమారు 4 వేల రూపాయలున్న పన్ను దాదాపు 40 వేలకు పెరిగింది. జనాభాలో అధికులు చేనేత కార్మికులు, చిన్న రైతులు. పారిశుద్ధ్యం మెరుగుపరుస్తామన్న అధికారుల మాట వారికి రుచించలేదు. మున్సిపాలిటీని రద్దు చేయాలని కోరుతూ వారు పెట్టుకున్న అర్జీలు ఫలించలేదు. పన్ను చెల్లించనందుకు పలువురు జైలు పాలయ్యారు. వారిలో ఒక మహిళ కూడా ఉన్నారు.

ఈ ఆందోళనకు నాయకత్వం వహించినవారు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో ఎం.ఎ. చదివి వచ్చిన ఆయన స్వచ్ఛంద సేవకులతో 'రామదండు'ను ఏర్పరిచారు. కాషాయ వస్త్రాలు, రుద్రాక్షమాలలు, నుదుట బొట్టుతో వారు క్రమశిక్షణకు మారుపేరుగా నిలిచారు. విదేశీ చదువు చదివిన నాయకుడు జనాన్ని కూడగట్టడానికి రామాయణాన్ని ఆశ్రయించడం గమనార్హం.

బెజవాడ ఏఐసీసీ సమావేశం ముగిసిన కొద్ది రోజులకు, 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చారు. అహింసతో పన్ను నిరాకరించడం ఒక మార్గమని, మున్సిపాలిటీ ఎల్లలు దాటి వెళ్లిపోవడం మరో మార్గమని సూచించారు. బయటి సహాయంపై ఆధారపడక స్వశక్తితోనే నిలవాలని చెప్పారు. గ్రామస్థులు రెండో మార్గాన్ని ఎంచుకున్నారు.

సుమారు 15 వేల జనాభాలో 13 వేల మందికి పైగా ఇళ్లు వదిలి పొలిమేర దాటారు. మండుటెండల్లో పాకలు వేసుకుని ఆ కొత్త నివాసానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. కాపలా, సేవా కార్యక్రమాలను రామదండు చూసుకునేది. ఎండనూ, వాననూ, చలినీ ఓర్చుకుంటూ సుమారు 11 నెలలు అక్కడే గడిపారు. అప్పటికి స్థానిక స్వపరిపాలన శాఖ జస్టిస్ పార్టీకి చెందిన పానగల్ రాజా చేతిలో ఉంది. అంటే పట్టు వీడనిది దొరలు మాత్రమే కాదు, భారతీయ మంత్రి కూడా. చరిత్ర పాఠాల్లో ఈ సంగతి అంతగా కనిపించదు.

1921లోనే బరంపురంలో ప్రసంగ నిషేధాన్ని ధిక్కరించిన గోపాలకృష్ణయ్యను అరెస్టు చేశారు. ఏడాది శిక్ష పడి ఆయన తిరుచిరాపల్లి జైలుకు వెళ్లారు. నాయకుడు దూరమై, నిధులు కరిగిపోవడంతో 1922లో ప్రజలు ఒక్కొక్కరుగా తిరిగి ఇళ్లకు చేరుకున్నారు. మున్సిపాలిటీ కొనసాగింది, పన్నూ చెల్లించక తప్పలేదు. ఫలితాన్ని బట్టి దీన్ని ఓటమి అనేవారున్నారు. కానీ నేత మగ్గాలు వదిలి, రోజుకూలి మానుకుని దాదాపు ఏడాది పాటు హింసకు దిగకుండా నిలిచిన పేదల సంఖ్యను చూస్తే ఆ మాట సరిపోదు.

గోపాలకృష్ణయ్య 1928 జూన్ 10న క్షయవ్యాధితో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 39 ఏళ్లు.