తుంగభద్రకు అవతల ఒక లెక్క

1956 దాకా మానవపాడు ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలోని రాయచూరు జిల్లాలో ఉండేది. 1930లలో తుంగభద్ర దాటితే మద్రాసు ప్రెసిడెన్సీ. పక్షుల సర్వేలూ ఆ పొలిమేరలనే పాటించాయి. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యంలో తిరిగి పక్షుల పట్టిక రాశాడు. ఇంచుమించు అదే కాలంలో వెర్నే సర్వే బృందం అవతలి ఒడ్డున తూర్పు కనుమల్లో నమూనాలు సేకరించింది. రెండూ గొప్ప పనులే. కానీ ఏ పిట్ట ఉందో చెప్పాయి గానీ, పెరుగుతోందా తరుగుతోందా అన్నది ఒక్కసారి చూస్తే తేలేది కాదు.

ఏళ్ల తరబడి ఒకే నేలను చూస్తే ఏం తెలుస్తుందో నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడు చూపించింది. అక్కడి గడ్డిబీళ్లలో బట్టమేక పిట్టలున్నాయని తెలిశాక, 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అక్కడే మకాం వేశారు. బట్టమేక వట్టి నేల మీద, సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. అది మేకల డెక్కల కింద పడితే ఆ ఏటి సంతానం పోయినట్టే. 1988లో అభయారణ్యం వచ్చింది, కంచెలోపల గడ్డి పెరిగింది. ఒక్క ఏడాదే లెక్క తీసి ఉంటే పని గెలిచిందనే రాసేవారు. లెక్క ఆపలేదు గనుకే అసలు సంగతి బయటపడింది: కృష్ణజింకలు విపరీతంగా పెరిగి చుట్టుపక్కల చేల మీద పడ్డాయి, బట్టమేకలు మాత్రం తగ్గుతూ పోయాయి. కాలువ నీళ్లొచ్చి కంచె అవతల జొన్న, కొర్ర చేలూ బీళ్లూ మారిపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. నేడు అక్కడ ఆ పిట్ట దాదాపు కనుమరుగైంది.

తెలిసి ఏం లాభం, పిట్ట దక్కలేదు కదా అనొచ్చు. నిజమే, లెక్క దానంతటది దేన్నీ కాపాడదు. కానీ కంచె ఒక్కటే చాలదని తేల్చింది ఆ లెక్కే. రైతుకు తెలియనిదా అనే మాటలోనూ బలముంది. జింక ఏ వేళ చేలో దిగుతుందో ఆయనకే బాగా తెలుసు. అయితే మంద పెరిగిందా, మేత లేక ఇటు మళ్లిందా అన్నది ఒక్క చేను గట్టు మీంచి కనపడదు. లెక్కలు తప్పవా అంటే తప్పుతాయి: పాదముద్రల లెక్కలో పులులున్న సరిస్కా అభయారణ్యంలో 2005 నాటికి ఒక్కటీ మిగల్లేదు. అందుకే ఒకే దారి, ఒకే నెల, ఒకే పద్ధతి కావాలి. మానవపాడు ఉన్న నడిగడ్డ బీళ్లలో జింకలనూ గడ్డి జాతులనూ అలా ఏటా లెక్కించే పనిని అటవీ శాఖ, గద్వాల కళాశాలలు కలిసి చేపట్టాలి. పంట నష్టం చెప్పే రైతును అందులో మొదటి సాక్షిగా కూర్చోబెట్టాలి.