అరుగు మీది అమరం

మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. ఎనిమిదేళ్ల కూతుర్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తోంది. అక్కడ అలా చదివించేవాళ్లు చాలామందే ఉన్నారట, వాళ్లలో కొందరు పిల్లలకు లాటిన్ కూడా నేర్పుతారట. సంక్రాంతికి ముందు ఫోన్ చేసింది. "అమ్మా, లాటిన్ పుస్తకాలు రెండు తెప్పించాను. ఒకదాంట్లో మొదటిరోజే విభక్తుల పట్టిక. ఇంకోదాంట్లో బొమ్మలూ కథలూ. ఏది పట్టుకోను? లేకపోతే సంస్కృతమే మొదలుపెట్టనా? అమ్మమ్మ నీకెలా చెప్పింది?" అంది. ముప్పై ఏళ్లు తెలుగు పంతులమ్మగా చేసినదాన్ని. అయినా ఆ చివరి ప్రశ్నకు వెంటనే జవాబు రాలేదు నాకు.

1930ల్లో ఇక్కడ గుంటూరు జిల్లా ప్రత్తిపాడులో మా తాతయ్యగారి అరుగు మీద ఒక పెద్దాయన మా మేనమామలకు సంస్కృత నిఘంటువు అమరకోశం చెప్పేవారు. అమ్మకు ఎవరూ చెప్పలేదు. తలుపు వెనక చాప మీద మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుని ఆమె వినేది. మామయ్యలు ఆ పూట పాఠం అప్పజెప్పి ఆటలకు పోయేవారట. వాళ్లు మరిచిపోయారు, అమ్మ నోట మాత్రం నిలిచిపోయింది.

ఆ అరుగు వెనక చాలా పాత కథ ఉంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లా కలెక్టర్లందరినీ బడుల లెక్క అడిగాడు. గుంటూరు కలెక్టరు మరుసటి ఏడాది పంపిన జవాబంటే నాకు ప్రాణం. దొరతనం ఖర్చుతో నడిచే పెద్ద విద్యాలయాలు జిల్లాలో లేవు, కానీ 171 చోట్ల 939 మంది ధర్మశాస్త్రం, జ్యోతిషం లాంటివి పండితుల దగ్గర చదువుకుంటున్నారని అందులో ఉంది. భాగించి చూడండి, చోటుకి ఐదారుగురు. ఐదారుగురంటే బడి కాదు, ఒక ఇంటి అరుగు. ఆ పండితులు జీతం తీసుకునేవారు కాదు. పూర్వం జమీందార్లు వాళ్ల తాతలకు రాసిచ్చిన మాన్యాల మీద ఇల్లు గడిచేది. ఇంకా పైచదువు కావాలంటే శిష్యులు కాశీకో నవద్వీపానికో పోయేవారు. మద్రాసు పట్నంలోనైతే బళ్లలో చదివేవాళ్లకు సుమారు ఐదు రెట్ల మంది ఇళ్లలోనే చదువుతున్నారని లెక్క తేలింది. ఆ అంకెను మన్రోనే పూర్తిగా నమ్మలేదు. సగానికి సగం తగ్గించుకున్నా చిన్న సంగతి కాదు.

మాన్యం తిన్నవాడు తన తండ్రి దగ్గర ఏది విన్నాడో అదే చెప్పాడు. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలన్న ప్రశ్నే ఆ ఇళ్లలో లేదు. ఇసుకలో ఓనమాలు, గుణింతాలు, ఆ తర్వాత అమరం, రామ శబ్దం, రఘువంశం. అన్నీ తెలుగు లిపిలోనే. నాగరి లిపి కంటబడకుండానే కావ్యాలు దాటిన పండితులు మన దేశంలో ఎందరో.

ఈ వరసను అప్పుడే ఒకాయన తప్పుపట్టాడు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్, 1823లోనే. పిల్లలు గుక్కతిప్పుకోకుండా పద్యాలు చదువుతారు గానీ, అర్థం విషయంలో చిలక్కీ వాళ్లకీ తేడా లేదన్నాడు. ఆ మాట నిజమే. నా చిన్నతనంలో ఒక బడిలో అర్థం అడిగినందుకు నా అరచేయి వాచింది.

కానీ కంఠస్థం ముందు ఎందుకు పెట్టారో క్యాంబెల్‌కి పట్టలేదు. అమరసింహుడి కోశంలో చాలా భాగం అకారాది కాదు. స్వర్గం, కాలం, ఊరు, కొండ, చెట్లు, వంటిల్లు, ఇలా వస్తువుల గుంపులుగా నడుస్తుంది. వెతుక్కోవడానికి కట్టింది కాదు, నోట పెట్టుకు తిరగడానికి కట్టింది. తాటాకు పుస్తకం ఊరికొకటి ఉంటే గొప్పయిన రోజుల్లో పిల్లవాడి నోరే పుస్తకం.

1854లో మద్రాసులో వావిళ్ల వారి అచ్చుకూటం మొదలైంది. గురుబాల ప్రబోధిక అనే తెలుగు వ్యాఖ్యతో కలిపి అమరం అచ్చయ్యాక శ్లోకం కింద తెలుగులో అర్థం వచ్చింది. గురువు చెప్పని అర్థం పుస్తకం చెప్పింది. శబ్దమంజరి పట్టికలూ చేతికొచ్చాయి. రామ శబ్దానికి ఎనిమిది విభక్తులు, మూడు వచనాలు, మొత్తం ఇరవైనాలుగు రూపాలు. లాటిన్లో ద్వివచనం లేదు, ఆరు విభక్తులకు పన్నెండు రూపాలే. మా మనవరాలి అదృష్టం. పట్టికలా బొమ్మలా అన్న తగువు లాటిన్ చెప్పేవాళ్లకీ పాతదే. కొమీనియస్ అనే చెక్ పంతులు 1658లోనే లాటిన్ మాటల పక్కన బొమ్మలు వేసి పిల్లల పుస్తకం అచ్చేయించాడు.

అరుగు అందరిదీ కాదు. ఈ మాట చెప్పకుండా దాన్ని పొగడలేను. మన్రో లెక్కల్లో ఆడపిల్లల గడిలో అంకెలు చూస్తే కళ్లు తిరుగుతాయి, అంత చిన్నవి. అరుగు ఎక్కనివ్వని కులాల పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. అలాంటి పిల్లల్లో ఒకడిగా వినుకొండలో 1895లో పుట్టిన కవి జాషువ, జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి దగ్గర మేఘసందేశం, రఘువంశం చదువుకున్నారంటే ఆ గురువుకూ దణ్ణం పెట్టాలనిపిస్తుంది, ఆ శిష్యుడి పట్టుదలకూ. తలుపు వెనక మా అమ్మ గుర్తొచ్చి గొంతు పట్టేస్తుంది.

ఇప్పుడు అమ్మ పద్ధతి చెబుతాను. నాకు ఆరేళ్లప్పుడు మొదలుపెట్టింది. అమరం మొదట్లో ఉన్న స్వర్గవర్గం జోలికి పోలేదు. "దేవతలు ఎక్కడికీ పోరులే, చేలో ఉన్నవి ముందు నేర్చుకో" అని రెండో కాండలో వనౌషధి వర్గం పట్టుకుంది. మా ఊరి పేరులోనే ప్రత్తి ఉంది కదా, పత్తికాయ చేతిలో పెట్టి కార్పాసీ అనిపించింది. ముందు చెవి, వెంటనే చేతిలో వస్తువు. రామ శబ్దం రెండేళ్ల తర్వాత.

అమ్మాయికి ఇదే చెప్పాను. ఏ భాషైనా సరే, పట్టిక మూడోది. మొదటిది విన్న మాట, రెండోది ముట్టుకున్న వస్తువు. లాటిన్ వదలొద్దు, రెండూ చెప్పు, ముడి వేసే దారం మన దగ్గరే ఉంది అన్నాను. కార్పాసమే గ్రీకుల నోటబడి లాటిన్లో కార్బసుస్ అయిందని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుల పుస్తకం పెరిప్లస్‌లో, ఈ కృష్ణా తీరాన్నే మసాలియా అంటూ, ఇక్కడ సన్నబట్ట విస్తారంగా నేస్తారని రాసి ఉంది. బట్టతో పాటు మాటా ఓడెక్కింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఏడింటికి, అక్కడ తెల్లవారే వేళకు, మనవరాలు ఫోన్లోకి వస్తుంది. పదిహేను శ్లోకాలయ్యాయి. నిన్న వైశ్యవర్గంలో వంటింటి దినుసులు చెబుతుంటే మరీచం దగ్గర ఆపింది. "అది మిరియం కదా అమ్మమ్మా, మరి మన మిరపకాయ ఏ శ్లోకంలో ఉంది?" అంది. మిరప అమెరికా మొక్క అనీ, పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చి అయిదువందల ఏళ్లే అయిందనీ, అమరసింహుడు దాన్ని చూడనే లేదనీ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే దానికి పేర్లు మనం కడదామా?" అంది. ఈ పూట ఆ పని మీదే కూర్చున్నాం.