హేమంతమునకు ముందటి మైనపుపూత

ఉత్తర అమెరికాలో మహాసరస్సుల తీరముల నున్న మిచిగన్, ఒహాయో, న్యూయార్కు రాష్ట్రములలోను, వాని కావలి యొడ్డున నున్న కెనడాదేశపు ఆంటారియోలోను, మేపుల్ చెట్ల యాకులు ఎఱ్ఱబారి రాలెడి యక్టోబరు మాసమున, ఎండ కాయుచున్న యొక సెలవుదినము చూచుకొని, గృహస్థులు తమ కారును ఇంటిముంగిట నిలిపి, కడిగి, తుడిచి, మైనము పూసి మెఱుగు పెట్టుట తరతరములుగా వచ్చుచున్న యాచారము. దారిని పోవువారికది వాహనముపైని మోజుగా గన్పట్టును. ఆ యింటివారి నడిగినచో, చలికాలము వచ్చుచున్నది గదా యని యొక్కమాటతో సరిపుచ్చుదురు. కాని యీ యాచారమును పుట్టించినది గుఱ్ఱపుబండ్లనాటి వార్నిషు. దానిని నేటివఱకు నిలిపినది రోడ్లపై జల్లెడి యుప్పు. ఈ రెంటి నడుమ గడచిన కాలములో మైనమునకు గల ప్రయోజనమే మాఱిపోయినది.

తొలినాటి కార్ల దేహములను నిర్మించినవారు గుఱ్ఱపుబండ్లను నిర్మించిన పనివారే యగుటచేత, వారి రంగులును, వారి వార్నిషులును, వాని ఓర్వలేనితనముతో సహా, కారునకు సంక్రమించినవి. అవిసెనూనెలో తూర్పు ఆఫ్రికానుండి వచ్చెడి కోపల్ గుగ్గిలమును కాచి సిద్ధపఱచిన యా వార్నిషును పూతమీద పూతగా వేసి, ప్రతిపూతయు నాఱిన పిమ్మట ప్యూమిసు రాతిపొడితో నీళ్లలో నునుపుగా నుఱిమి, మరల పూయుచు పోవగా, ఒక్క బండి ముగియుటకు వారములు పట్టెడిది. అంత శ్రమించి తెచ్చిన నిగనిగ యెంత సుకుమారమైనదో ఆనాటి బండిశాలల నియమములే చెప్పగలవు. అశ్వశాలనుండి వెలువడు అమ్మోనియా ఘాటు వార్నిషును చిట్లగొట్టును గనుక బండిని గుఱ్ఱములకు దూరముగా నుంచవలెను, బురదను బండిపై నాఱనీయరాదు, వేడినీళ్లు తగులరాదు, స్పాంజితో రుద్దక, దానిని నిండుగ ముంచి పిండుచు నీటిధారచేతనే మట్టిని జాఱవిడిచి, షామీతోలుతో అద్ది తడి తీయవలెను. కారు వచ్చినపిమ్మట పెక్కిండ్ల బండివాడు మాయమయ్యెను గాని, అతని స్పాంజియు తోలును యజమాని చేతికి వచ్చెను. ఇంటివద్ద కారు కడుగుట యనెడి విద్య యంతయు ఆ బండివాండ్రు విడిచిపోయిన సొత్తు. వారి పేర్లు ఏ గ్రంథమునను నిలువలేదు.

ఆ రోజులలో కారునకు హేమంతమనగా విశ్రాంతికాలము. మంచు తొలగించు నేర్పాట్లు లేని రోడ్లపై, పైకప్పు సరిగా లేని బండ్లలో ప్రయాణము దుస్సాధ్యమగుటచేత, ననేకులు కారును దుంగలపై నెత్తి, రేడియేటరులోని నీటిని వదలివైచి, బ్యాటరీని ఊడదీసి, వసంతమువఱకు కొట్టములో నుంచెడివారు. అట్లుంచుటకు ముందు కడిగి, తుడిచి, మెఱుగుపూత వేయుటయు ఆ సన్నాహములో నొక భాగము.

వార్నిషునకు పట్టెడి కాలము కర్మాగారములకు సంకటమైనది. ఫోర్డు సంస్థ 1914 మొదలు 1925 వఱకు మోడల్-టి కార్ల నన్నింటిని నలుపురంగుననే విడుదల చేయుటకు, తారుజాతి పదార్థములు గలిపి పొయ్యిలో కాల్చి యాఱబెట్టెడి నల్లని యెనామెళ్లు చౌకగను, మన్నికగను ఉండుట ముఖ్యకారణము. ఇతర వర్ణములకు దారి చూపినది తుపాకిమందు చేయుటకై 1802లో వెలసిన డ్యూపాంట్ సంస్థ. ప్రేలుడుపదార్థమగు గన్‌కాటనుకు దాయాదియైన నైట్రోసెల్యులోజు నుండి 1920 ప్రాంతమున ఆ సంస్థవారు పలుచగా పిచికారి చేయదగిన లాకరును సాధించి దానికి డ్యూకో యని పేరిడగా, జనరల్ మోటార్సువారు 1924 నమూనా ఓక్లండు కారునకు తొలుత దానిని పూసిరి. వారముల పని గంటలలోనికి వచ్చెను. వీథులు రంగులు దేఱెను. అయితే డ్యూకో ఆఱిన తోడనే మెఱయునది గాదు, రుద్ది మెఱుగు దేవలెను. ఎండకు కొన్ని యేండ్లలో సుద్దవలె తెల్లబాఱెడి గుణమును దానికి గలదు. కర్మాగారము మిగుల్చుకొన్న కాలమునకు వెల గృహస్థుని భుజబలమే చెల్లించినదని నా యభిప్రాయము.

ఆ యవసరమును కనిపెట్టి యెదిగినదే మైనపు వ్యాపారము. షికాగోలో 1910లో వెలసిన సైమనైజు సంస్థ రెండు డబ్బాలను అమ్మెడిది: మొదటిదానిలోని ముద్దతో వెలిసిన పైపొరను రుద్ది తీయవలెను, రెండవదానిలోని గట్టిమైనమును పూసి, తెల్లని మసక కమ్మినంతనే బట్టతో తుడువవలెను. అదే నగరమున 1940లలో బెన్ హర్ష్ అనునతడు ద్రవరూపమైన మైనమును సీసాలలో నమ్మ మొదలిడెను; అదియే తరువాత టర్టిల్ వాక్సను పేర లోకప్రసిద్ధమయ్యెను.

ఈ మైనములలో శ్రేష్ఠమైనది పుట్టుచోటు బ్రెజిల్ దేశపు ఈశాన్యభాగమున నున్న సియారా, పియావీ ప్రాంతములు. అచ్చట పెరుగు కర్నాబా యను తాటిజాతి చెట్టు, నెలల తరబడి వాన యెఱుగని యనావృష్టిని తట్టుకొనుటకై, తన యాకులపై మైనపుపొర గప్పుకొని లోని తేమను కాపాడుకొనును. పొడవైన వెదురుగడకు కొడవలి గట్టి పనివారు ఆ యాకులను కోసి, ఎండబెట్టి, బాదగా రాలిన బూడిదరంగు పొడిని కాచి వడగట్టినచో, గోటికి లొంగని గట్టిమైనము లభించును. ఇది సుమారు 82 మొదలు 86 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి గాని కఱగదు. తేనెమైనము 65 డిగ్రీలలోపుననే కఱగును. నేలలకు మెఱుగుపెట్టు మైనముతో పేరొందిన జాన్సన్ సంస్థ యధిపతి హెర్బర్టు జాన్సన్ 1935లో విస్కాన్సిన్ రాష్ట్రపు రసీన్ పట్టణమునుండి, నీటను నేలను దిగగల సికోర్‌స్కీ విమానమున, దానికి కర్నాబా యనియే పేరుపెట్టి, ఈ చెట్ల వనములను స్వయముగా చూచుటకై బ్రెజిల్‌కు పోయెననగా దీని విలువ యూహింపవచ్చును. ఆకు కోయు కూలీలకు మాత్రము ఆ విలువ దక్కలేదు. ఇటీవలి కాలమునను, దాస్యమునకు దీటైన స్థితిలో నున్న కర్నాబా కూలీలను బ్రెజిల్ ప్రభుత్వపు తనిఖీదారులు విడిపించిన సందర్భములు కలవు. ముంగిట నిలిచిన కారు తళతళను మెచ్చుకొనునప్పుడు వారిని మఱచుట న్యాయము గాదు.

మైనము కథ యింతవఱకు అందమునకు సంబంధించినది. దానిని రక్షణకథగా మార్చినది ఉప్పు. రోడ్లపై మంచు కఱగించుటకు ఉప్పును జల్లెడి ప్రయోగమును 1938 ప్రాంతమున న్యూహాంప్‌షైర్ రాష్ట్రము చేపట్టెను. 1941-42 శీతకాలమున నదియే సాధారణపద్ధతిగా స్వీకరించెను. ఆ యేడు అమెరికా రహదారులన్నిటను జల్లిన యుప్పు 5,000 టన్నులు మాత్రమే. యుద్ధానంతరము నగరములు విస్తరించి, మంచు కురిసినను పనికి పోక తప్పని కాలము రాగా, 1955 నాటికది పది లక్షల టన్నులయ్యెను. మఱి పదునైదేండ్లలోపల కోటి టన్నుల దరికి చేరెను. కార్ల పుట్టినిల్లగు డెట్రాయిట్ నగరపు టడుగుననే, భూమికి రమారమి 1,160 అడుగుల లోతున నొక యుప్పుగని యున్నది. 1910లో దాని గొయ్యి ముగిసిననాడు ఆ యుప్పు తోళ్లు పదును చేయువారికిని, ఆహారపదార్థములు నిలువచేయువారికిని పోయెడిది. పిదప నది రోడ్లపాలయ్యెను. ఒకే నగరము పైని యుక్కును మలచి బండ్లు చేయుచు, క్రిందినుండి ఆ యుక్కును తినివేయు ద్రవ్యమును త్రవ్వి తీయుట పారిశ్రామిక చరిత్రలో మిక్కిలి విషాదకరమైన ఘట్టములలో నొకటిగా నేను భావించెదను.

నూటికి సుమారు 23 పాళ్లు ఉప్పు గలిసిన నీరు సున్నకు దిగువ 21 డిగ్రీల వఱకు గడ్డకట్టదు. అందుచేత నది ద్రవముగనే యుండి ఉక్కు సందులలోనికి ప్రవేశించి, విద్యుద్వాహకమై, తుప్పును త్వరపఱచును. విశాఖ, కాకినాడ తీరములయందు ఉప్పుగాలికి కిటికీ ఊచలు పొరలు పొరలుగా లేచిపోవుట చూచినవారికి దీనిని విస్తరించి చెప్పనక్కఱలేదు. అయితే గృహస్థుడు మైనము పూయుచున్నది కంటికి గన్పట్టు మెఱుగుపైని. తుప్పు పుట్టుచున్నది తలుపుల క్రింది యంచుల లోపల, మడ్గార్డుల వెనుక, చక్రముల చాటున. ఈ వాస్తవమును గ్రహించిన జర్మన్ పనివాడు కర్టు జీబార్టు, డెట్రాయిట్‌లో 1959 నుండి కారు లోపలి బోలుభాగములలోనికి రక్షకద్రవ్యమును పిచికారి చేయు వ్యాపారమును స్థాపించెను. జింకుపూత గల యుక్కును పోర్షే సంస్థ 1976 నమూనా 911 కారునకు వాడినది. పైరంగుమీద రంగులేని గట్టిపొర వేయు క్లియర్‌కోటు పద్ధతి 1980లలో సర్వత్ర వ్యాపించెను. ఈ మార్పులచేత నాలుగైదు శీతకాలములకే తలుపులు చిల్లులుపడెడి దురవస్థ చాలవఱకు గతించినది గాని, క్లియర్‌కోటు మందము సాధారణముగా 40, 50 మైక్రాన్లే యగుటచేత, దాని నజాగ్రత్తగా రుద్దుట నేటికిని ప్రమాదమే.

నేడు ట్రాయ్, నోవై, ఫార్మింగ్‌టన్ హిల్స్ మొదలగు డెట్రాయిట్ శివారులలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో కార్ల పరిశ్రమయందే యుద్యోగము చేయువారు పెక్కురు. మంచు నెఱుగని యూళ్లనుండి వచ్చిన వారికి ఈ యక్టోబరు పని పొరుగువారి ముంగిటనే పరిచయమగును. పని క్రమము నేర్వదగినదే. మొదట సబ్బు తాకింపక గొట్టపునీటితో బురదను విడిపించి, పిదప సబ్బునీటి బకెట్టొకటియు, బట్టను జాడించు మంచినీటి బకెట్టొకటియు దగ్గఱ నుంచుకొని, పైకప్పునుండి క్రిందికి కడుగుదురు. క్రిందిభాగపు ఇసుక పైకెక్కినచో గీతలు పడును. ఆఱినపిమ్మట పలుచని ప్లాస్టిక్ సంచిని చేతికి తొడిగి రంగుపై వ్రేళ్లు నడిపినచో, కంటికి గన్పడని గరుకు వ్రేళ్లకు తెలియును. అది బ్రేకులనుండి రాలి రంగులో నాటుకొన్న ఇనుపరజను. దానిని జపానుదేశమున పుట్టిన మెత్తని క్లే ముద్దతో, నీరు చల్లుచు, నొత్తక జాఱించి తీయుదురు. రాయి తగిలి రంగు లేచిన చుక్కలను మైనమునకు ముందే పూరింపవలెను. మైనము తగిలినచోట రంగు పట్టదు. మైనము పలుచగా, నొక్కొక్క భాగమునకే పూయవలెను. పది డిగ్రీల సెంటీగ్రేడుకు దిగువ నది సరిగా నంటుకొనదు గనుకనే యీ పనికి అక్టోబరు కుదిరినది. తలుపుల రబ్బరునకు సిలికాను రాయుదురు. లేనిచో తెల్లవాఱునప్పటికి తలుపు గడ్డకట్టి బిగిసికొనును.

ఆ పూత జనవరికే పలుచబాఱును. కావున నడిశీతకాలమున ఉష్ణము సున్నకు పైబడిన దినము తటస్థించినప్పుడెల్ల, తెలిసినవారు కారును ముఖ్యముగా క్రిందివైపున కడిగించి, తలుపులు తెఱచి యంచులు తుడిచెదరు. వెచ్చని గ్యారేజి కారునకు మేలు చేయునని తలచుట సహజమే గాని, ఉప్పునీటితో తడిసిన బండిని కడుగక వెచ్చదనమున నిలిపినచో, బయటి గడ్డకట్టించు చలిలో మందగించియుండెడి తుప్పు అచ్చట రాత్రియంతయు నిరాటంకముగా సాగును.