కుమ్మక్కు: ఆర్కాటు అప్పుల్లో ఒక విశేషణం

పుత్తూరు అనగానే ఎవరికైనా ఎముకల కట్టు గుర్తొస్తుంది. నాకు ఈ మధ్య 'కొల్యూసివ్' అనే ఇంగ్లీషు విశేషణం గుర్తొస్తోంది.

లాటిన్ మూలంలో దానర్థం కలిసి ఆడటం. ఊరికే కలిసి మోసం చేస్తే సరిపోదు, దానికి కుట్ర అనే మాట ఉంది. పైకి ఎదురెదురుగా ఉండాల్సినవాళ్లు లోపల ఒకటైతేనే కొల్యూసివ్. వాదీ ప్రతివాదీ కూడబలుక్కుని నడిపే దావా, కాంట్రాక్టర్లు రింగయి వేసే టెండరు అలాంటివే. మన 'కుమ్మక్కు' దీనికి అతికినట్టు సరిపోతుంది. అదీ పారశీ 'కుమక్' నుంచి వచ్చిన మాట. అసలర్థం సాయం, సాయంగా పంపే సైన్యం.

ఆర్కాటు నవాబు మహమ్మదలీ వాలాజా కథలో ఈ రెండర్థాలూ కలుస్తాయి. అప్పట్లో పుత్తూరు కార్వేటినగరం పాలెగారి కింద ఉండేది, ఆయన నవాబుకు పేష్కష్ కట్టేవాడు. నవాబు తనకు సాయమొచ్చిన కంపెనీ సైన్యం ఖర్చు భరించాలి. ఆ డబ్బు కోసం మద్రాసులోని కంపెనీ ఉద్యోగుల దగ్గరే సొంతంగా అప్పులు చేశాడు. హామీ ఏమిటంటే శిస్తు! ఇంజినీరుగా వచ్చిన (మా జాతే, ఏం చేస్తాం) పాల్ బెన్‌ఫీల్డ్ ఒక్కడే తంజావూరు మీద 2,34,000 పౌండ్లు రావాలన్నాడు. ఆ గొడవలోనే 1776లో గవర్నర్ పిగట్‌ను సొంత కౌన్సిలే అరెస్టు చేయించింది.

1784లో లండన్‌లోని బోర్డ్ ఆఫ్ కంట్రోల్ ఆ అప్పులను విచారణ లేకుండానే తీర్చమంది. ఏటా 4,80,000 పౌండ్లు, కర్ణాటక ఆదాయంలోంచి. 1785 ఫిబ్రవరి 28న హౌస్ ఆఫ్ కామన్స్‌లో ఎడ్మండ్ బర్క్ లేచి, నవాబూ అప్పులవాళ్లూ ప్రత్యర్థులే కారు, కొల్యూసివ్ పక్షాలు అన్నాడు. ఆ విశేషణానికి ఇంతకన్నా సరైన వాడుక నాకు దొరకలేదు. ఆలోచించండి: అప్పిచ్చినవాడు లెక్క తగ్గించమనడు. తీసుకున్నవాడు లెక్క తప్పనడు, ఎందుకంటే చివరికి కట్టేది వాడు కాదు, రైతు. తప్పని చెప్పగలిగినవాడు ఆ గదిలోనే లేడు. బర్క్ సమర్థించిన ఫాక్స్ తీర్మానం ఓడిపోయింది.

నవాబుల పేరు మీద ఆ తర్వాతా కొత్త అప్పులు పుట్టుకొస్తూనే ఉన్నాయి. 1801లో కంపెనీ కర్ణాటకను తీసేసుకున్నాక, 1805లో వాటి మీద కమిషన్ వేశారు. 1814 వరకు తేల్చిన రెండు కోట్ల పౌండ్ల పైచిలుకు క్లెయిముల్లో నిజమని ఒప్పుకున్నవి సుమారు పదమూడున్నర లక్షలే.

1784లో తీర్చమన్న పాత అప్పులకు మాత్రం ఆ పరీక్ష జరగలేదు.