లోపము ఎక్కడ? - షార్టు సర్క్యూటును లెక్కతో పట్టిన కథ

మోటారు సైకిలు పెట్రోలు ట్యాంకును ఇంటివద్దనే విప్పి, లోపలి భాగములను శుభ్రపరచి, మరల బిగించిన పిదప తాళము త్రిప్పగానే ఫ్యూజు కాలిపోవుట పలువురు ఎరిగిన సంగతియే. క్రొత్త ఫ్యూజు వేసినచో అదియు కాలిపోవును. ఇంజను బాగుగనే యున్నది. బ్యాటరీ, దీపములు బాగుగనే యున్నవి. చెడినది ఎక్కడనో ఒకచోట తీగపైనున్న తొడుగు మాత్రమే. కంటికి కనబడని ఇట్టి లోపమును లెక్కతో పట్టుకొనుట మానవుడు మొదట నేర్చినది వాహనములపై కాదు, టెలిగ్రాఫు తీగలపై.

ముందు షార్టు సర్క్యూటు అనగానేమో చూతము. మోటారు సైకిలులో బ్యాటరీ నుండి విద్యుత్తు తీగల వెంట దీపములకు, హారనుకు పోవును. తిరిగి వచ్చుటకు సాధారణముగా ఇనుప చట్రమే దారి. కనుక తొడుగు చిరిగిన తీగ ఎక్కడ చట్రమును తాకినను ప్రవాహము దీపము దాకా పోక అడ్డదారిన తిరిగి వచ్చును. 12 వోల్టుల బ్యాటరీపై 60 వాట్ల దీపము 5 ఆంపియర్లు మాత్రమే తీసికొనును. అడ్డదారి మొత్తము నిరోధము 0.1 ఓము అయినచో ఓమ్ సూత్రము ప్రకారము 120 ఆంపియర్లు ప్రవహించును. అంత ప్రవాహమునకు తీగలు ఎఱ్ఱగా కాలి తొడుగులు అంటుకొనును. అట్లు కాకుండ తాను ముందుగా కరగి దారిని తెంచుటయే ఫ్యూజు చేయు పని. జార్జ్ ఓమ్ ఈ సూత్రమును 1827లో ప్రకటించెను. అప్పటికి అది కేవలము సిద్ధాంతము. దాని విలువ వెల్లడియైనది టెలిగ్రాఫు వచ్చిన పిదప.

సముద్రపు తీగకు, మోటారు సైకిలు తీగకు దగ్గరి పోలిక యున్నది. నడుమ రాగి తీగ, దానిపై గట్టాపర్చా అను చెట్టుపాలతో చేసిన తొడుగు, ఆ పైన కాపుగా ఇనుప తీగల చుట్టలు. ఇది సముద్రపు కేబులు నిర్మాణము. వాహనములో చట్రము ఎట్టిదో, ఇచట ఉప్పునీరు అట్టిది. గట్టాపర్చాకు సూదిమొన యంత రంధ్రము పడినను విద్యుత్తు నీటిలోనికి జారిపోవును. అయితే వాహనమున వెదకవలసినది రెండు మూడు గజముల మేర. సముద్రమున రెండువేల మైళ్లు.

1858 ఆగస్టులో ఐర్లండు, న్యూఫౌండ్‌లాండుల నడుమ మొదటి అట్లాంటిక్ కేబులు పనిచేసెను. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశము చేరుటకు సుమారు 16 గంటలు పట్టినది. సంకేతములు బలహీనముగా నుండుట చూచి వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అను ఎలక్ట్రీషియను దాదాపు 2000 వోల్టుల ఒత్తిడి ప్రయోగించెను. అసలే లోపములున్న తొడుగు ఇంకను చెడినది. కొన్ని వారములలోనే కేబులు మూగవోయెను. వ్యాధి ఏదో తెలిసికొనక మందు మోతాదు పెంచుట వంటిది ఈ పని. కాలిన ఫ్యూజునకు బదులు లావుపాటి రాగితీగ చుట్టువారును ఇదే చేయుచున్నారు.

ఈ నష్టముపై విచారణ సంఘము నియమింపబడి 1861లో నివేదిక సమర్పించినది. అదే సంవత్సరమున బ్రిటిష్ అసోసియేషను విద్యుత్ నిరోధమునకు ప్రమాణమును నిర్ణయించుటకై ఒక సంఘమును ఏర్పరచినది. ప్రమాణమే లేనిచో ఇంజనీర్లు ఒకరు కొలిచిన నిరోధమును మరియొకరు పోల్చిచూచుట ఎట్లు? కొలుచు సాధనము అప్పటికే యున్నది. 1833లో సామ్యూల్ క్రిస్టీ వర్ణించిన ఏర్పాటును 1843లో చార్లెస్ వీట్‌స్టన్ ప్రచారములోనికి తెచ్చెను. మన కళాశాలల ప్రయోగశాలలోని మీటరు బ్రిడ్జి దాని రూపాంతరమే.

ఇక 1865 జూలైలో గ్రేట్ ఈస్టర్న్ అను మహానౌక కొత్త కేబులును పరచుచు ఐర్లండు తీరమునుండి పడమరకు బయలుదేరెను. విలియం థామ్సన్ (తరువాత కెల్విన్ ప్రభువు), క్రామ్‌వెల్ వార్లీ ఆ నౌకలో నుండిరి. జూలై 24న, నౌక ఎనుబది మైళ్లకు పైగా సాగిన పిదప, గాల్వనామీటరు లోపమును చూపినది. కొలతలు లోపము వెనుక కొన్ని మైళ్ల దూరమున నున్నదని తెలిపినవి. కేబులును పది మైళ్లకు మించి వెనుకకు లాగగా గట్టాపర్చాలో గ్రుచ్చుకొని రాగిని తాకుచున్న చిన్న ఇనుప తీగ ముక్క దొరికినది! జూలై 29న మరల అట్లే జరిగెను. ఎవరో ద్రోహి కావలెనని గ్రుచ్చినాడను అనుమానము పుట్టి, కేబులు గదిలో కాపలా పెట్టిరి. చివరకు తేలినదేమనగా, పై కాపులోని పెళుసు ఇనుప తీగలు విరిగి, చుట్టల బరువుకు తొడుగులో దిగబడుచుండెను. ద్రోహి లేడు, కాపుగా చుట్టినదే గ్రుచ్చుకొనినది. ఆగస్టు 2న మూడవ లోపమును వెలికితీయు ప్రయత్నములో కేబులు తెగి రెండు మైళ్ల లోతున పడిపోయెను. 1866 జూలై 27న క్రొత్త కేబులు జయప్రదముగా తీరము చేరినది. తెగిన పాతదానిని గూడ పైకి తీసి ఆ సెప్టెంబరులో పూర్తిచేసిరి.

దూరమును ఎట్లు లెక్కించిరి? ఉదాహరణకు మైలుకు 4 ఓముల నిరోధము గల తీగ పూర్తిగా నీటిని తాకినదనుకొందము. ఒడ్డున 160 ఓములు కనబడినచో లోపము 40 మైళ్ల దూరమున నున్నది. కాని రంధ్రమునకే కొంత నిరోధ మున్నచో ఈ లెక్క తప్పును. దీనికి విరుగుడు వలయ పరీక్ష. 100 మైళ్ల మార్గములో చెడిన తీగ ప్రక్కన మంచి తీగ యున్నచో, రెండింటిని ఆవలి కొనలో కలుపగా 200 మైళ్ల వలయ మేర్పడును. బ్రిడ్జి 1 : 4 నిష్పత్తిలో సమతుల్యమైనచో లోపము 200ను అయిదు భాగములు చేసిన ఒక భాగమున, అనగా 40 మైళ్ల వద్ద, ఉన్నట్లు. రంధ్రపు నిరోధము బ్రిడ్జి నాలుగు భుజములలో దేనిలోను చేరదు గనుక లెక్కను చెడగొట్టదు.

మోటారు సైకిలు తీగ గజము పొడవు మాత్రమే గనుక దాని నిరోధము ఓములో ఏ వందవ వంతో ఉండును. సాధారణ మీటరు దానిని చూపజాలదు. అయినను విధానము అదియే: ఊహింపక, విభజించి, కొలుచుట. ఫ్యూజు తీసి దాని స్థానమున 12 వోల్టుల, 21 వాట్ల బల్బును కలుపవలెను. దీపములు, హారను స్విచ్చులు ఆపియుంచి తాళము త్రిప్పవలెను. షార్టు ఉన్నచో బల్బు పూర్తి కాంతితో వెలుగును, అయినను 1.75 ఆంపియర్లకు మించి ప్రవాహము పోదు గనుక తీగలకు అపాయము లేదు. వెలుగనిచో స్విచ్చులను ఒక్కొక్కటిగా వేసి చూచిన ఏ శాఖలో లోపమో తెలియును. బల్బు వెలుగుచుండగా తీగల కట్టను మధ్యనున్న జోడింపు వద్ద విడదీసిన, బల్బు ఆరినచో లోపము ఆవలి భాగమున, ఆరనిచో ఈవలి భాగమున. ఇట్లు ప్రతిమారు సగము వదలిపోవును. పదునారు చోట్ల అనుమానమున్నను నాలుగు మార్లలో తేలును. చివర మిగిలిన మేర తీగను చేతితో మెల్లగా కదల్చిన, బల్బు మిణుకుమన్న చోటనే గాయము.

1865 నాటి కేబులు నేర్పిన మరియొక పాఠమును మరువరాదు. పని జరిగిన చోటనే ముందు చూడవలెను: ట్యాంకు క్రింద నలిగిన తీగ, సీటు బోల్టు క్రింద చిక్కిన తీగ, హ్యాండిలు మెడ వద్ద వంగి ఒరసికొను కట్ట. విప్పి బిగించిన చేయి ఎంత మంచిదైనను తీగ నలుగక తప్పిన దని చెప్పలేము.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. ఒక్కొక్క మీటరు గల రెండు నిక్రోము తీగలను ఒక కొనలో కలిపి అట్టక్రింద దాచి, ఒక తీగకు ఎక్కడనో మేకు తాకించవలెను. మిగిలిన రెండు కొనలను మీటరు బ్రిడ్జి తీగ రెండు కొనలకు కలిపి, అచటనే బ్యాటరీ నుంచి, మేకునకు జాకీకి నడుమ గాల్వనామీటరు నుంచవలెను. మేకు తాకిన తీగ వైపు కొననుండి 30 సెంటీమీటర్ల వద్ద ముల్లు సున్నకు వచ్చినచో, మేకు ఆ కొననుండి 60 సెంటీమీటర్ల దూరమున నుండవలెను. అట్ట తీసి చూడగా మేకు అచటనే యుండుట కన్న బిడ్డలకు ఓమ్ సూత్రముపై నమ్మకము కలిగించు పాఠము వేరొకటి లేదు.